బొగ్గుబావులు మూసేసిన ఊరి నుంచి

ఒరేయ్ రాజేశ్వర్,

ఉత్తరం అందింది. ఇంగ్లండ్‌లో ఇన్ని ఊళ్లుండగా పోయి పోయి గనులు మూతపడిన ఊళ్లో కాపురం పెట్టావేమిటని వెక్కిరించావు. ఇల్లందులో పుట్టినవాడివి, నువ్వే అలా అంటే ఎలా? తీరిగ్గా కూర్చుని చదువు.

నేనుంటున్న యాషింగ్టన్ ఈ దేశానికి ఈశాన్య మూలన, న్యూకాజిల్‌కు పాతిక కిలోమీటర్ల దూరంలో ఉంది. పంతొమ్మిదో శతాబ్దం నడిమి వరకు ఇక్కడ నాలుగు పొలాలు తప్ప ఏమీ లేవు. బొగ్గు తగిలాక కంపెనీ దిగింది, కూలీలు ఎక్కడెక్కడి నుంచో వచ్చి పడ్డారు. చివరికి ప్రపంచంలోకెల్లా పెద్ద బొగ్గు పల్లె ఇదేనని గొప్పగా చెప్పుకునే స్థాయికి పెరిగింది. ఇళ్లు కట్టించిన కంపెనీకి వీధులకు పేర్లు వెతికే ఓపిక లేకపోయింది. మొదటి వరుస, రెండో వరుస అంటూ పదకొండో వరుస దాకా లెక్కపెట్టుకుంటూ పోయారు. కార్మికుడికి రావలసిన బొగ్గును బండివాడు వెనక సందులో కుప్పగా పోసి వెళ్తే, ఇంటివాళ్లు పారతో లోపలికి ఎత్తుకునేవారు.

ఆ ఇళ్లలోని మనుషులు మాత్రం అంకెల్లో ఇమిడే రకం కాదు. 1934లో కొందరు గని కార్మికులు చిత్రకళ గురించి తెలుసుకుందామని సాయంకాలపు తరగతి పెట్టించుకున్నారు. న్యూకాజిల్ నుంచి రాబర్ట్ లయన్ అనే అధ్యాపకుడు వచ్చి పాత ఇటలీ మహామహుల చిత్రాలు తెరమీద చూపించాడు. పొద్దంతా బొగ్గు కొట్టి వచ్చినవాళ్లకు అవి ఎక్కలేదు. ఆయన తెలివైనవాడు. ఉపన్యాసం కట్టిపెట్టి, మీరే వేసి చూడమన్నాడు. అంతే, ఇక వదల్లేదు! గోడలకు పూసే రంగులతోనే తమ బతుకు వేసుకున్నారు: పావురాల గూళ్లు, పందెం కుక్కలు, బావిలోని పని. వాళ్లలో ఆలివర్ కిల్‌బర్న్ 13వ ఏటనే పనిలో చేరినవాడు. ఆయన బొమ్మల్లో నిక్కర్లతో వంగి పారలు ఆడించే మనుషులను చూస్తే, పైకప్పు ఎంత కిందికి ఉందో మన వీపుకు తెలుస్తుంది. ఇవన్నీ ఇప్పుడు వుడ్‌హార్న్ మ్యూజియంలో ఉన్నాయి. పేరున్న గ్యాలరీలు కొన్ని చూశాను గానీ, ఇంతసేపు ఎక్కడా నిలబడలేదు.

వుడ్‌హార్న్ కూడా ఒకప్పటి బావే. 1916 ఆగస్టు 13, ఆదివారం నాడు అక్కడ గ్యాస్ పేలి 13 మంది చనిపోయారు. 1981లో మూసేశారు. బావి నుంచి తోడి పోసిన మట్టిదిబ్బ ఉన్నచోట ఇప్పుడు చెరువూ పార్కూ ఉన్నాయి, జనం కుక్కలను తిప్పుకుంటున్నారు.

ఆటల సంగతి చెప్పకపోతే నువ్వు ఊరుకోవు. 1966లో ఫుట్‌బాల్ ప్రపంచకప్ గెలిచిన ఇంగ్లండ్ జట్టులోని అన్నదమ్ములు జాక్ చార్ల్‌టన్, బాబీ చార్ల్‌టన్ ఈ ఊరివాళ్లే. పోర్చుగల్‌తో సెమీఫైనల్లో బాబీ రెండు గోల్స్ కొడుతుంటే, తండ్రి చూడలేకపోయాడు. షిఫ్టులో ఉన్నాడు! ఫుట్‌బాల్ నీకు పట్టదంటావా, సరే. ఫాస్ట్ బౌలర్లు స్టీవ్ హార్మిసన్, మార్క్ వుడ్ కూడా ఇక్కడే పుట్టారు. 2024 జనవరిలో ఉప్పల్ టెస్టులో ఇంగ్లండ్ ఆడించిన ఏకైక పేసర్ ఈ వుడ్డే. మన పిచ్ మీద పాపం ఒక్క వికెట్టూ దొరకలేదు. ఈ మాట ఇక్కడ పైకి అనను.

బావుల మూసివేతను ఎదిరిస్తూ గని కార్మికులు చేసిన 1984-85 సమ్మె దాదాపు ఏడాది సాగింది, కార్మికులు ఓడిపోయారు. 1988లో యాషింగ్టన్ బావి పోయింది. సముద్రం అడుగున బొగ్గు తీసిన ఎల్లింగ్టన్ గని, చివరిది, 2005 దాకా లాగింది. ఆ తర్వాత ఇక్కడ పిల్లలకు దొరికినవి అరకొర పనులే. ఊరు చచ్చిపోయిందని రాసేవాళ్ల మీద నాకు ఒళ్లు మండుతుంది కానీ, హైస్ట్రీట్‌లో షట్టర్లు దించేసిన దుకాణాలను నేనూ చూస్తున్నాను. 1964లో ఆపేసిన ప్రయాణికుల రైలును 2024 డిసెంబరు 15న మళ్లీ నడిపారు. అరవై ఏళ్లు పట్టింది. బొగ్గుకు ఉన్నపాటి విలువ మనుషులకు లేదని పెద్దలు సణుక్కుంటారు. అబద్ధమేమీ కాదు.

ఇక మా పక్కింటి పెద్దాయన. వుడ్‌హార్న్ మూసేదాకా అందులోనే పనిచేశాడు. ఇప్పుడు ఆయన ప్రాణమంతా లీక్ మొక్కల మీదే. మన ఉల్లికాడకు దూరపు చుట్టం, కాకపోతే కాండం మన ముంజేతికన్నా లావు. శరదృతువులో పోటీలు జరుగుతాయి. ఇందులో పొట్టి రకానికి తెల్లకాండం పొడవు ఆరంగుళాలు దాటకూడదు, చుట్టుకొలత మాత్రం ఎంత పెంచితే అంత. ఎరువులో ఏం కలుపుతాడో పెళ్లానికి కూడా చెప్పడు. పోటీ దగ్గరపడితే, ఎవడైనా కత్తిగాటు పెట్టిపోతాడేమోనని టార్చిలైటు పట్టుకుని రాత్రిళ్లు దొడ్లోనే కాపలా. మొన్న దగ్గరికెళ్లి ఆకు తాకబోతే చేతిమీద ఒకటి వేశాడు.

మీ నాన్నగారిది సింగరేణి అని చెప్పినప్పటి నుంచి నన్ను వదలడం లేదు. ఆయన దిగిన బావి లోతెంత, బొగ్గు పొర మందమెంత, నీళ్లు ఊరేవా, పైకప్పుకు కర్రదిమ్మెలు పెట్టేవారా, ఇనుపవా? నాకేం తెలుసు! నాన్నగారిని అడిగి వివరంగా రాయి. పొర మందం అడుగుల్లో రాయించు, ఈయన మీటర్లు ఒప్పుకోడు.

నీ
సుధాకర్