జ్వరమొచ్చిన పసిబిడ్డ వేలు గుచ్చి చూసేవాళ్లేరీ?

సంపాదకుడు గారికి,

నమస్కారం. 1980లో మలేరియా విభాగంలో చేరి, మల్టీపర్పస్ హెల్త్ అసిస్టెంట్‌గా చంద్రగిరి, పాకాల చుట్టుపక్కల పల్లెలన్నీ సైకిల్ మీద తిరిగి రిటైరైనవాణ్ణి. ఇప్పుడు తిరుపతిలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. పోయిన దీపావళి దాటిన వారంలో మా వీధిలో జరిగింది ముందు చెప్పి, అడగాల్సింది ఆ తర్వాత అడుగుతాను.

మా ఇంటి వెనక నాలుగంతస్తుల భవనం కడుతున్నారు. ఒడిశాలోని కోరాపుట్ వైపు నుంచి వచ్చిన ఆలుమగలు అక్కడే రేకుల షెడ్డులో ఉండి కూలిపని చేస్తున్నారు. వాళ్ల పాపకు మూడేళ్లు. పాపకు జ్వరం వస్తే మొదటి రోజు మందుల షాపులో సిరప్ కొన్నారు. రెండో రోజు ఒక క్లినిక్‌లో వైరల్ జ్వరమని చెప్పి ఇంకో సిరప్ రాశారు. మూడో రోజు రక్తపరీక్ష చేయించారు. ప్లేట్‌లెట్లు డెబ్బై వేలున్నాయి, డెంగీ అయ్యుంటుంది, బొప్పాయి ఆకు రసం తాపండి అన్నారట. నాలుగో రోజు ఇంకా తెల్లారకముందే ఆ తండ్రి మా గేటు తట్టాడు. "అయ్యా, పాప లేవడం లేదు" అన్నాడు.

పోయి చూస్తే పిలిచినా పలకడం లేదు. రాత్రి రెండుసార్లు ఫిట్స్ వచ్చి పోయాయట. ఊపిరి లోతుగా, బరువుగా తీస్తోంది. అరచేయి తిప్పి చూశాను, సున్నం కొట్టిన గోడలా ఉంది. ల్యాబ్ వాళ్లిచ్చిన కాగితం అడిగి లైటు కింద పెట్టి చదివాను. తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు, టైఫాయిడ్ పరీక్ష, డెంగీ పరీక్ష అన్నీ ఉన్నాయి. మలేరియా అన్న మాట ఎక్కడా లేదు.

108లో తిరుపతి పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. క్యాజువాల్టీలో వేలు గుచ్చి మలేరియా రాపిడ్ కిట్ మీద చుక్క వేస్తే పావుగంటలో గీత తేలింది. పీఎఫ్, అంటే ఫాల్సిపారం, మలేరియాలో ప్రాణం తీసే రకం. రక్తంలో చక్కెర 32కు పడిపోయి ఉంది. అక్కడి పిల్లల డాక్టర్లు ఒక్క నిమిషం వృథా చేయలేదు. గ్లూకోజ్ ఎక్కించి, మలేరియాకు ఇచ్చే ఆర్టిసునేట్ ఇంజెక్షన్ మొదలుపెట్టి, రక్తం కూడా ఎక్కించారు. మూడో రోజు పాప కళ్లు తెరిచింది. కానీ ఇప్పటికీ ఎడమ చేత్తో గ్లాసు పట్టుకోలేకపోతోంది.

ఆ షెడ్డుకూ మా గేటుకూ ఇరవై అడుగులు కూడా లేదు. జ్వరం వచ్చిన మొదటి రోజు నేను ఇంట్లోనే ఉన్నాను. ముప్పై ఏళ్లకు పైగా ఇంటింటికీ వెళ్లి "జ్వరాలేమన్నా ఉన్నాయామ్మా" అని అడిగిన నేను ఆ ఒక్క గడప దగ్గర అడగలేదు. ఈ ఉత్తరం రాయడానికి అదీ ఒక కారణమే.

మన దగ్గర మలేరియా తగ్గింది, నిజమే. మలేరియా అంటే పాడేరు, అరకు అడవుల్లో ఉండే జబ్బని చదువుకున్నవాళ్లు కూడా అనుకుంటున్నారు. తగ్గిన చోట అది సోకితే పిల్లలకు ప్రమాదం ఎక్కువని చాలామందికి తెలియదు. జబ్బు ఎప్పుడూ ఉండే ప్రాంతాల్లో మళ్లీమళ్లీ తగిలి బతికినవాళ్లకు కొంత తట్టుకునే శక్తి వస్తుంది. మన పిల్లల ఒంట్లో ఆ శక్తి ఉండదు. పైగా కొత్తగా వచ్చిన డాక్టర్లలో మలేరియా బిడ్డను కళ్లారా చూసినవాళ్లు తక్కువ. ప్లేట్‌లెట్లు మలేరియాలోనూ పడిపోతాయి. అయినా ఆ అంకె చూడగానే అందరి నోటా డెంగీ మాటే వస్తోంది. చలి, వణుకు, చెమట, రోజు విడిచి రోజు జ్వరం అని పుస్తకాల్లో రాసిన వరస పసిపిల్లల్లో చాలాసార్లు కనిపించదు. ఒట్టి జ్వరం, వాంతులు, ఒక్కోసారి విరేచనాలు, పాలు తాగకపోవడం, అంతే.

ఫాల్సిపారం సోకిన ఎర్రకణాలు సన్నటి రక్తనాళాల గోడలకు అతుక్కుంటాయి. మెదడులో అలా జరిగితే బిడ్డ స్పృహ తప్పుతుంది, ఫిట్స్ వస్తాయి. ఎర్రకణాలు పగిలి రక్తం పలచబడుతుంది, చక్కెర పడిపోతుంది. మందు పడకపోతే 24 గంటల్లోనే ప్రాణం మీదికి రావచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మా వీధి పాపకు సిరప్‌లతోనే మూడు రోజులు గడిచిపోయాయి.

కూలీలు జబ్బు మోసుకొస్తున్నారని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఒంట్లో పరాన్నజీవి ఉన్నంత మాత్రాన జబ్బు పాకదు, దాన్ని ఒకరి నుంచి ఇంకొకరికి చేర్చే దోమ కావాలి. ఆ దోమను పెంచుతున్నది మనమే. పట్నాల్లో మలేరియా దోమ మూతలేని ట్యాంకుల్లో, వాడని బావుల్లో, కట్టే భవనాల సెల్లార్లలో, స్లాబు తడపడానికి నిలిపిన నీళ్లలో గుడ్లు పెడుతుంది. అది కుట్టేది రాత్రిపూట. దోమతెర లేని ఆ షెడ్డులో పడుకున్న బిడ్డ తర్వాత అదే దోమ వచ్చేది మన మేడ మీది బిడ్డ దగ్గరికే. వీధిలో పొగ కొట్టించి ఫొటో తీసుకుంటే ట్యాంకులో పురుగు చావదు. శుక్రవారం డ్రై డే, నిలవ నీళ్లు పారబోయండి అని మైకులో చెప్పి ఊరుకోకుండా, మున్సిపల్ సిబ్బంది వారానికొకసారి సెల్లార్ మెట్లు దిగి చూడాలి. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు చాలు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా సీనియర్లు చెప్పేవాళ్లు. 1965లో దేశం మొత్తం మీద కేసులు లక్షకు దిగొచ్చాయి, ఒక్క మరణం కూడా నమోదు కాలేదు. ఇక పోయినట్టేనని నిఘా సడలించారు. 1976లో 64 లక్షలు దాటాయి! మా ఉద్యోగాలు పుట్టింది ఆ దెబ్బ తర్వాతే. పదిహేను రోజులకొకసారి ప్రతి ఇంటికీ వెళ్లి, జ్వరం ఉన్నవాళ్ల వేలు గుచ్చి, ఒకే గాజు స్లైడు మీద మందంగా ఒక పూత, పల్చగా ఒక పూత తీసి, వచ్చిన తేదీ గోడ మీద రాసి వచ్చేవాళ్లం. ఇప్పుడు 2027 నాటికి స్థానికంగా ఒక్క కేసూ రాకూడదని, 2030 నాటికి దేశంలోనే మలేరియా లేకుండా చేయాలని లక్ష్యం పెట్టుకున్నారు. సంతోషమే. కానీ పరీక్ష చేయకపోయినా లెక్కలో కేసులు కనపడవు. మా వీధి గోడల మీద అలాంటి తేదీ చూసి ఎన్నేళ్లయిందో!

టీకా వచ్చిందట కదా అని మా కోడలు అడిగింది. వచ్చింది. 2023 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన ఆర్21 టీకా మన పుణేలోనే తయారవుతోంది. అది ప్రధానంగా ఆఫ్రికా పిల్లల కోసం. 2023లో ప్రపంచంలో మలేరియాతో చనిపోయినవాళ్లు 5,97,000 మంది అని అంచనా. అందులో నూటికి 95 మంది ఆఫ్రికాలోనే, వాళ్లలోనూ నాలుగింట మూడొంతులు అయిదేళ్లలోపు పిల్లలే. ముందు ఆ బిడ్డలకు అందడమే న్యాయం. మనకు కావాల్సినవి ఇప్పటికే చేతిలో ఉన్నాయి, వాడడమే లేదు.

జిల్లా వైద్యాధికారులను, పిల్లల డాక్టర్లను నేను వేడుకునేది ఇదే. జ్వరంతో వచ్చిన ప్రతి బిడ్డకూ, సర్కారు ఆస్పత్రయినా ప్రైవేటు క్లినిక్కయినా, మొదటి రోజే మలేరియా పరీక్ష చేయండి. నెగటివ్ వచ్చినా జ్వరం తగ్గకపోతే మరునాడు మళ్లీ చూడండి. ఆర్టిసునేట్ తిరుపతి పెద్దాసుపత్రిలో ఉంటే చాలదు. పుత్తూరు, నగరి, శ్రీకాళహస్తి, పలమనేరు ఆస్పత్రుల్లోనూ, పీహెచ్‌సీల్లోనూ గడువు దాటని ఇంజెక్షన్ సీసాలు ఉండాలి. తొమ్మిది ఆఫ్రికా దేశాల్లో మలేరియా ముదిరిన 5,425 మంది పిల్లల మీద చేసి 2010లో ఫలితాలు ప్రకటించిన పరిశోధనలో, పాత మందు క్వినైన్ ఇచ్చినవాళ్లలో నూటికి 10.9 మంది చనిపోతే, ఆర్టిసునేట్ ఇచ్చినవాళ్లలో 8.5 మంది చనిపోయారు. 20 కిలోలలోపు బిడ్డకు కిలోకు 3 మిల్లీగ్రాములు కండకు వేసి పంపితే, 108 తిరుపతి చేరేలోపే మందు పని మొదలుపెడుతుంది. చీటీ రాసి చేతిలో పెట్టి పంపేయకండి. చక్కెర కూడా చూసి పంపండి, సూది గుచ్చితే తేలిపోయే పని.

తల్లులకు ఒక మాట. బిడ్డ పాలు తాగకపోయినా, కూర్చోలేకపోయినా, ఒక్కసారి ఫిట్స్ వచ్చినా, అరచేతులు పాలిపోయినా తెల్లారే దాకా ఆగొద్దు. మలేరియా మాత్రలు షాపులో అడిగి, విరిచి సగం వేయొద్దు. వాటిలో చంటిబిడ్డలకు అసలు ఇవ్వకూడనివి ఉన్నాయి. సర్కారు ఆస్పత్రిలో పరీక్షా, మందూ రెండూ ఉచితమే. డాక్టరు మర్చిపోతే "సార్, మలేరియా చూశారా" అని మీరే అడగండి.

భవనాలు కట్టేవాళ్లు ఒక్కో షెడ్డుకు రెండేసి దోమతెరలు కొనిస్తే వాళ్లకు పెద్ద ఖర్చేమీ కాదు. అనుమతి కాగితం మీద ఆ షరతు కూడా రాయమని కమిషనర్ గారిని కోరుతున్నాను.

మా వెనక షెడ్డుకు ఇప్పుడు ఆదివారం ఆదివారం వెళ్తున్నాను. అక్కడ ఇంకా ముగ్గురు పిల్లలున్నారు. ఆశా కార్యకర్తలకు, కొత్తగా చేరిన కుర్రాళ్లకు స్లైడు తీయడం చూపించడానికి ఏ పీహెచ్‌సీ వాళ్లు పిలిచినా వస్తాను. చేయి ఇంకా వణకడం లేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఆరోగ్య కార్యకర్త,
తిరుపతి