చిన్నాకు నాన్న ఉత్తరం, స్మొక్తునోవ్‌స్కీ గురించి

చి. చిన్నాకు,

ఆశీస్సులు. ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వూ క్షేమమేనని తలుస్తున్నాను. నాయనమ్మ మోకాలికి కొత్త తైలం రాస్తున్నాం, కాస్త నయంగా ఉంది. పెరట్లో మామిడి పూత ఈసారి బాగా నిలిచింది. మేడ మీద గదికి సున్నం వేయించాను.

ఫోను చేసినప్పుడల్లా రిహార్సల్‌లో ఉన్నానంటావు, తర్వాత చేస్తానంటావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. శారద పిన్ని వాళ్ల పెద్దవాడు ముంబై అంధేరిలో నువ్వు గది ఖాళీ చేశావని, ఎవరి దగ్గరో ఉంటున్నావని ఇంట్లో చెప్పాడట. విన్న మాటలన్నీ నేను నమ్మను. మీ అమ్మ మాత్రం అప్పటి నుంచి సరిగ్గా నిద్రపోవడం లేదు. ఆ సంగతి అలా ఉంచు.

సున్నం కోసం అలమర ఖాళీ చేస్తుంటే పాత కాగితాల్లో ఒక కరపత్రం దొరికింది. నేను విజయవాడలో డిగ్రీ చదివే రోజుల్లో ఫిల్మ్ సొసైటీ వాళ్లు వేసిన రష్యన్ 'హామ్లెట్'ది. 1964లో కొజింత్సెవ్ తీసినది. షేక్‌స్పియర్ నాటకాన్ని రష్యన్‌లోకి తెచ్చింది కవి పాస్తర్నాక్, సంగీతం షోస్తకోవిచ్. అందులో హామ్లెట్ వేసిన ఇన్నకెంతి స్మొక్తునోవ్‌స్కీ గురించి నీకు చిన్నప్పుడు చెప్పాననుకుంటాను, పూర్తిగా చెప్పి ఉండను. ఆ మనిషి తెర మీద అరవడు. మాట పూర్తయ్యాక కూడా అతని కళ్లలో ఆలోచన నడుస్తూనే ఉంటుంది. అలాంటి నటన అంతకుముందు నేను చూడలేదు.

1925లో సైబీరియాలో, తోమ్స్క్ వైపు ఒక పల్లెలో పుట్టాడు. కరువు వస్తే ఇల్లు చెదిరి, క్రస్నోయార్స్క్‌లో మేనత్త దగ్గర పెరిగాడు. 1943లో సైన్యంలోకి తీసుకున్నారు. కూర్స్క్ యుద్ధం చూశాడు, నీపర్ నది దాటాడు, ఆ డిసెంబరులో కీవ్ దగ్గర జర్మన్లకు పట్టుబడ్డాడు. నెల తిరగ్గానే, బందీలను నడిపించుకుపోతుంటే వరుసలోంచి తప్పుకుని ఒక వంతెన కింద దాక్కున్నాడు. జనవరి చలి, ఒంట్లో బలం లేదు. ఒక ఉక్రెయిన్ పల్లె కుటుంబం తలుపు తీసి, ఇంట్లో దాచి, దాదాపు నెల రోజులు తిండి పెట్టి బతికించింది. దొరికితే వాళ్ల ప్రాణాలూ పోయేవి. అక్కడి నుంచి గెరిల్లా దళంలో చేరి, మళ్లీ సైన్యంలోకి వెళ్లి యుద్ధం చివరిదాకా పోరాడాడు.

ఆ తలుపు అతను తట్టాడురా చిన్నా. తట్టడానికి సిగ్గుపడి వంతెన కిందే ఉండిపోతే ఏమయ్యేవాడు? ఊరికే అంటున్నాను, నిన్ను ఉద్దేశించి కాదు.

యుద్ధం గెలిచిన దేశంలో, పట్టుబడిన సైనికుడికి గౌరవం లేదు. శత్రువు చేతిలో ఉండి వచ్చినవాడని అనుమానం. పెద్ద నగరాల్లో ఉండటానికి వీల్లేదన్నారు. క్రస్నోయార్స్క్‌లో కొద్దికాలం నాటకం నేర్చుకుని, 1946లో నోరిల్స్క్ వెళ్లాడు. అది ఆర్కిటిక్ వలయానికి పైన, ఖైదీలు కట్టిన ఊరు. అంతకంటే దూరం పంపడానికి చోటు లేదు గనక అక్కడ తన జోలికి ఎవరూ రారనుకున్నాడు. ఆ నాటకశాలలో అతనితో పాటు వేషాలు వేసిన గియోర్గి జ్జోనొవ్ కూడా స్టాలిన్ కాలపు ఖైదీ శిబిరాల్లో మగ్గినవాడే. నీలాంటివాడు ఇక్కడ ఉండకూడదు, వెళ్లిపొమ్మని అతనే వెంటపడ్డాడు. తిండిలో సత్తువ లేక ఆరోగ్యం పాడై 1951లో అక్కడి నుంచి కదిలాడు. మహచ్‌కలా, స్టాలిన్‌గ్రాడ్, ఎక్కడ వేషం దొరికితే అక్కడ.

నువ్వు రాత్రిపూట ఏం తింటున్నావు? వడపావ్‌తో సరిపెట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పాలి? నీకు చిన్నప్పటి నుంచి ఖాళీ కడుపున ఉంటే తలనొప్పి వస్తుంది. ఒక చిన్న కుక్కరు, కందిపప్పు, చింతపండు దగ్గర పెట్టుకుంటే అరగంటలో చారూ అన్నం అవుతాయి. ఉంటున్న చోట పొయ్యి లేకపోతే చెప్పు, వేరే ఏర్పాటు చూద్దాం.

అసలు సంగతి మాస్కోది. స్మొక్తునోవ్‌స్కీ 1955లో అక్కడికి వచ్చాడు. ముప్ఫై ఏళ్లు నిండాయి. ఏ నాటకశాలా తీసుకోలేదు. ఎండాకాలంలో కూడా మంచులో జారేవాళ్లు తొడుక్కునే మందపాటి దుస్తులతో తిరిగాడు, వేరే బట్టలు లేక. రాత్రిళ్లు అపార్ట్‌మెంట్ల మెట్ల దగ్గర పడుకునేవాడు. ఆ వేషం చూసి లోపలికి రానివ్వని నాటకశాలలు ఉన్నాయి. ఒక నాటకశాలలో దుస్తుల విభాగంలో పనిచేసే సులమిఫ్ అనే అమ్మాయి మాత్రం అతన్ని చూసి ముఖం తిప్పుకోలేదు. ఆమెనే పెళ్లి చేసుకున్నాడు, చివరిదాకా ఆమే తోడు.

(ఆడిషన్‌కు వెళ్లేటప్పుడు ఇస్త్రీ చొక్కా వేసుకో. అన్నయ్య పెళ్లికి కుట్టించిన నీలం చొక్కా నీకు బాగుంటుంది.)

తర్వాత మిహయీల్ రోమ్ తన సినిమాలో చిన్న వేషం ఇచ్చాడు. కెమెరా ముందు నిలబడితే మాట రాలేదు. మళ్లీ తీశారు, మళ్లీ తప్పాడు. వీడిని మార్చేద్దామని చుట్టూ ఉన్నవాళ్లు అన్నారు. రోమ్ ఒప్పుకోలేదు. మందలించలేదు, తొందరపెట్టలేదు, కుదురుకునేదాకా ఆగాడు. ఆ తర్వాత 'సైనికులు' అనే సినిమాలో ఫార్బర్ వేషం వచ్చింది. అది చూసిన నాటక దర్శకుడు తొవ్‌స్తొనోగొవ్‌కు ఆ కళ్లు గుర్తుండిపోయాయి. లెనిన్‌గ్రాడ్‌లోని తన బల్షోయ్ డ్రామా థియేటర్లో దస్తయేవ్‌స్కీ 'ఇడియట్' వేస్తూ, అందులో నాయకుడైన మీష్కిన్ వేషానికి ఈ పేరులేని నటుణ్ని పిలిపించాడు.

అక్కడా తేలిగ్గా కాలేదు. రిహార్సల్స్‌లో పాత్ర పట్టు దొరకలేదు. తోటి నటులు పెదవి విరిచారు. వదిలి వెళ్లిపోదామనుకున్నాడు. అలాంటి రోజుల్లో లెన్‌ఫిల్మ్ స్టూడియోలో ఒక మనిషి కనిపించాడు. చుట్టూ జనం, హడావుడి. అతను మధ్యలో నిలబడి పుస్తకం చదువుకుంటున్నాడు. ఆ గోల అతన్ని తాకడమే లేదు. ఏళ్ల తరబడి శిబిరాల్లో ఉండి వచ్చిన మనిషని తర్వాత తెలిసింది. ఆ నిలబడటంలో మీష్కిన్ దొరికాడు. 1957 డిసెంబరు 31న మొదటి ప్రదర్శన జరిగింది. దానితో అతని పేరు మారుమోగింది. చూడు, ఎక్కడ దొరికిందో! వేషం కోసం పగలూ రాత్రీ కుమిలిపోయినా దొరకనిది, తల ఎత్తి ఎదుటి మనిషిని చూస్తే దొరికింది. గదిలో ఒక్కడివే కూర్చుని ఫోను చూసుకుంటూ ఉంటే ఏ పాత్రా రాదు. లోకల్ రైలెక్కు, మనుషుల నడక చూడు. నాటకం ముక్కలు ముక్కలుగా కాదు, మొత్తం చదువు. హిందీ ఉచ్చారణ మీద ఇంకా శ్రద్ధ పెట్టాలి, నీకు 'శ', 'ష' కలిసిపోతున్నాయి.

'హామ్లెట్'కు 1965లో లెనిన్ పురస్కారం వచ్చింది. మరుసటి ఏడాది రిజానొవ్ సినిమాలో, కార్లు దొంగిలించి ఆ డబ్బు అనాథ పిల్లలకు పంపే అమాయకుడి వేషం వేశాడు. ఆ పాత్ర కూడా ఔత్సాహికుల నాటకంలో హామ్లెట్ వేస్తుంది. తర్వాత సంగీతకర్త చైకోవ్‌స్కీగా వేశాడు, చెహోవ్ 'అంకుల్ వాన్యా'గా వేశాడు, 1976 నుంచి మాస్కో ఆర్ట్ థియేటర్లో ఉన్నాడు. 1943లో చేసిన సాహసానికి రావలసిన పతకం దాదాపు యాభై ఏళ్ల తర్వాత చేతికి అందింది. 1994లో పోయాడు.

ఇంత పొడుగ్గా రాయాలనుకోలేదు. గది ఖాళీ చేస్తే చేశావు, అద్దె ఎక్కువైతే ఎవరైనా చేస్తారు. హోటల్లో పని చేసినా తప్పు లేదు, కష్టపడి తింటే ఎవరికీ తల దించుకోనక్కర్లేదు. పిన్ని వాళ్ల అబ్బాయి పెట్టిన మాట అబద్ధమైతే అబద్ధమని చెప్పు. నిజమైతే నిజమని చెప్పు. నేను కోప్పడను. అమ్మ కూడా ఏమీ అనదు, నేను చెప్పి ఉంచాను. నువ్వు ఎక్కడ పడుకుంటున్నావో తెలియకుండా ఇక్కడ మాకు అన్నం సహించడం లేదు, అంతే. ఈ కాగితం పాత చిరునామాకే పంపుతున్నాను. చేరుతుందో లేదోనని అన్నయ్య ఫొటో తీసి ఫోనులో కూడా పెడుతున్నాడు.

నీ ఖాతాలో కొంత వేశాను. తిరిగి పంపొద్దు, స్నేహితులకు అప్పు ఇవ్వొద్దు. కందిపొడి, గోంగూర పచ్చడి, నాయనమ్మ చేయించిన సున్నుండలు అట్టపెట్టెలో సర్ది ఉన్నాయి, ఎక్కడికి పంపాలో రాయి. ఉగాదికి రాగలిగితే కోణార్క్‌లో టికెట్టు నేనే తీస్తాను. తేదీ ఒక్కటి చెప్పు చాలు. పై బెర్తు తీయనులే, నీకు ఆ ఫ్యాను గాలి పడదు.

మీ నాన్న