2047 గురించి నువ్వు రాయని వ్యాసం

చిరంజీవి అమ్మాయికి అమ్మ ఆశీస్సులు.

కాలేజీ వ్యాసరచన పోటీలో ‘2047 నాటికి అభివృద్ధి చెందిన భారత్’ అనే అంశమిస్తే, నమ్మని మాటలు రాయలేక ఖాళీ కాగితమే ఇచ్చి వచ్చానని నువ్వు ఫోనులో చెప్పినప్పటి నుంచీ అదే ఆలోచిస్తున్నాను. నమ్మనిది రాయకపోవడం మంచిదే. కానీ ‘మా తరానికి ఇక్కడ మిగిలేదేమీ లేదు’ అన్న మాటను మాత్రం నేను ఒప్పుకోలేను.

గడువులు చెప్పడం కొత్త కాదు. 1999లో మన రాష్ట్ర ప్రభుత్వం ‘విజన్ 2020’ పత్రాన్ని వెలువరించింది. తీరా ఆ ఏడాది వచ్చేసరికి రాష్ట్రం రెండుగా విడిపోయి ఉంది, మార్చిలో దేశమంతా లాక్‌డౌన్‌లోకి వెళ్ళింది. కనుక తేదీని చూసి మురిసిపోవడమూ వద్దు, బెంబేలు పడడమూ వద్దు.

పోలియో సంగతి చెబుతాను, ఎందుకంటే టీచరుగా ఆ ఆదివారాల్లో కేంద్రంలో కూర్చుని, చుక్కలు వేసిన పిల్లల చిటికెన వేలి గోటికి గుర్తు పెట్టినదాన్ని. 2000 నాటికి పోలియోను నిర్మూలించాలని ప్రపంచ దేశాలు 1988లో తీర్మానించాయి. మన దేశంలో పల్స్ పోలియో 1995లో మొదలైంది. గడువు దాటిపోయింది. 2009లో కూడా మన దేశంలో 741 కేసులు నమోదయ్యాయి. అయినా ఎవరూ పని మానలేదు: ఉత్తరప్రదేశ్, బీహార్ పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగారు, రైల్వే స్టేషన్లలోనూ బస్టాండ్లలోనూ ప్రయాణాల్లో ఉన్న పసివాళ్ళకు చుక్కలు వేశారు, 2010లో మరింత బాగా పనిచేసే కొత్త రకం టీకా తెచ్చారు. ఆ ఏడాది కేసులు 42కి పడిపోయాయి. సహజంగా వ్యాపించే పోలియో వైరస్ వల్ల మన దేశంలో వచ్చిన కేసుల్లో, 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హావ్‌డాలో ఒక పాపకు వచ్చినదే చివరిది. గడువు తప్పినా, ఏటేటా లెక్క చూసుకున్నారు కనుకనే అది సాధ్యమైందని నా నమ్మకం.

నువ్వు భయపడుతున్న వాతావరణ మార్పు విషయంలోనూ ఆ లెక్కే అడుగు. 2070 నాటికి నికర కర్బన ఉద్గారాలను సున్నాకు తెస్తామని, అంటే గాలిలోకి ఎంత వదిలితే అంతా తిరిగి తొలగిపోయేలా చూస్తామని, 2021లో గ్లాస్గోలో జరిగిన వాతావరణ సదస్సులో మన దేశం ప్రకటించింది. అప్పటికి నీకు అరవై దాటుతాయి, ఆ మాట ఇచ్చినవారిలో చాలామంది ఉండరు. విద్యుత్ స్థాపిత సామర్థ్యంలో సగం శిలాజేతర వనరులదేనని, అంటే బొగ్గు, చమురు, గ్యాస్ కానివాటిదేనని, 2025లో చెప్పారు. అది నిజంగా సంతోషించవలసిన విషయమే. అయితే సామర్థ్యం వేరు, ఉత్పత్తి వేరు: మొదటిది కేంద్రాలు పూర్తిగా నడిస్తే ఇవ్వగల కరెంటు, రెండోది నిజంగా వచ్చిన కరెంటు. మనం వాడుతున్న కరెంటులో ఎక్కువ భాగం ఇప్పటికీ బొగ్గు నుంచే వస్తోంది. ఈ తేడా తెలిసినవాళ్ళు అడిగే ప్రశ్నకు ఏ ప్రభుత్వమైనా జవాబు చెప్పక తప్పదు.

ఆ వ్యాసం ఇప్పుడు నా కోసం రాసి పంపు. నీకేం కావాలో, అది ఈ ఏడాది ఎంతవరకు జరగాలో మాత్రమే రాయి. ఓటరుగా పేరు నమోదుకు ఫారం-6 ఇంకా నింపలేదన్నావు, ఈ వారంలో ఆ పని కూడా ముగించు.

ఇట్లు,
అమ్మ