మనం తీసుకున్న ఆరోగ్య రొట్టె

సంపాదకుల వారికి నమస్కారం.

మా వీధి చర్చివాళ్ళు ఈ నెల కానుకల డబ్బును ఆఫ్రికాలోని ఒక మిషన్ ఆసుపత్రికి పంపుతున్నారు. అక్కడ ఆపరేషన్లకు మత్తు ఇవ్వడం నేర్చుకుంటున్న పిల్లల చదువుకట. నేను ఆ చర్చికి వెళ్ళేదాన్ని కాదు, శుక్రవారం దర్గామిట్ట రాజరాజేశ్వరి అమ్మవారి గుడికి వెళ్తాను. అయినా రెండు వేలు ఇచ్చాను. అది తెలిసి మా పక్కింటాయన "ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అన్నట్టుంది అక్కయ్యా" అన్నారు. ఆయన మంచి మనిషి. కాలు విరిగినవాడిని ఉదయగిరి నుంచి నెల్లూరుకు తీసుకురావడం ఎంత కష్టమో స్వయంగా చూసినవాడు. ఆ పూట నాకు జవాబు తోచలేదు. ఇంటికొచ్చి ఆలోచించి ఇది రాస్తున్నాను.

నేను 33 ఏళ్ళు ఆపరేషన్ థియేటర్ నర్సుగా పనిచేశాను. లాన్సెట్ అనే వైద్య పత్రిక నియమించిన కమిషన్ 2015లో ఒక లెక్క చెప్పింది. అవసరమైనప్పుడు సురక్షితమైన, భరించగల ఖర్చులో ఆపరేషన్ దొరకనివాళ్ళు ప్రపంచంలో 500 కోట్ల మంది. పేద దేశాల్లో ఏటా ఇంకా 14.3 కోట్ల ఆపరేషన్లు జరగాలి. ఆ కమిషన్ ఏవో గొప్ప ఆపరేషన్లు అడగలేదు. సిజేరియన్, పొట్ట తెరిచి చేసే ఆపరేషన్, ఎముక విరిగి చర్మం చీల్చుకొని బయటికొస్తే చేసే వైద్యం, ఈ మూడూ రెండు గంటల ప్రయాణంలో అందాలంది. మనకు ఉదయగిరి, కనిగిరి వైపు ఇబ్బందులు ఉన్నాయి, కాదనను. కానీ 108 ఉంది, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా పేరు మారిన ఆరోగ్యశ్రీ ఉంది, నెల్లూరులోనూ ఒంగోలులోనూ ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి. ఆఫ్రికాలో ఎన్నో జిల్లాలకు మత్తు డాక్టరు ఒక్కరు కూడా లేరు.

1961లో మా అమ్మకు రెండు రోజులు నొప్పులు వచ్చినా కాన్పు కాలేదు. బిడ్డ అడ్డం తిరిగింది. కోవూరు దగ్గరి పల్లె నుంచి బండిలో పెన్న దాటించి మిషన్ ఆసుపత్రికి తెచ్చారు. అమ్మ జొన్నవాడ కామాక్షమ్మకు మొక్కుకుంది. కోసి నన్ను బయటికి తీసింది ఏ దేశం నుంచో వచ్చిన డాక్టరమ్మ. ఆమెను ఇక్కడికి పంపడానికి అక్కడెవరో మనలాంటివాళ్ళే తమ చర్చిలో పళ్ళెంలో చిల్లర వేసి ఉంటారు. వాళ్ళ ఊళ్ళో మాత్రం కష్టాలు లేవా?

సాయం పేరుతో మతం మారుస్తారేమోనని కొందరికి అనుమానం. అది అడగాల్సిన ప్రశ్నే. దానికి మన జిల్లాల్లోనే ఒక జవాబు ఉంది. 1876–78 కరువులో ఒంగోలులో ఉన్న అమెరికా మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వే కాంట్రాక్టు తీసుకొని ఆకలితో ఉన్నవాళ్ళకు కూలి ఇచ్చాడు. తిండి కోసం మతంలోకి రాకూడదని, ఆ కరువులో ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఇవ్వడం ఆపేశాడు. డబ్బు పంపేవాళ్ళు ఎవరైనా సరే, ఏ మతంవాళ్ళయినా సరే, ఆ పద్ధతి పాటించాలి. ఆపరేషన్ బల్లమీద పడుకున్న మనిషికి ఆ క్షణంలో కాదనే శక్తి ఉండదు.

నన్ను బాగా కదిలించింది ఇథియోపియా సంగతి. కాన్పు రోజుల తరబడి ఆగిపోతే బిడ్డ తల ఒత్తిడికి మూత్రాశయానికి రంధ్రం పడుతుంది. చాలాసార్లు బిడ్డ పోతుంది, ఆపరేషన్ చేయకపోతే తల్లికి జీవితాంతం మూత్రం కారుతూనే ఉంటుంది. వాసనకు ఇంట్లోవాళ్ళే దూరం పెడతారు. దీన్ని ఫిస్టులా అంటారు. సిజేరియన్ సమయానికి అందితే రాదు. ఆస్ట్రేలియా నుంచి డాక్టర్ క్యాథరిన్ హామ్లిన్, ఆమె భర్త రెజినాల్డ్ దైవభక్తితో 1959లో అడిస్ అబాబా వెళ్ళారు. 1974లో ఫిస్టులాకే ఒక ఆసుపత్రి కట్టారు. ఆమె 2020లో చనిపోయే వరకు అక్కడే ఉన్నారు. ఆమె దగ్గరికి రోగిగా వచ్చిన మమీతు గాషే అనే పల్లెటూరి అమ్మాయికి అక్షరాలు కూడా రావు. ఆమె అక్కడే ఉండిపోయి, చూసి చూసి, తానే ఫిస్టులా ఆపరేషన్లు చేయడం నేర్చుకుంది. తర్వాత డాక్టర్లకే నేర్పింది.

ఇది చదివినప్పుడు నాకు మన బారాషహీద్ దర్గా రొట్టెల పండుగ గుర్తొచ్చింది. స్వర్ణాల చెరువులో దిగి ఆరోగ్య రొట్టె తీసుకుంటాం. కోరిక తీరితే మళ్ళీ వచ్చి, ముక్కూమొహం తెలియనివాళ్ళకు రొట్టె ఇస్తాం. మమీతు చేసింది అదే. మా అమ్మ 1961లో తీసుకున్న రొట్టె మా ఇంట్లో ఇంకా బాకీ ఉంది. పక్కింటి తమ్ముడూ, నా రెండు వేలు అందుకే.

గుడి, మసీదు, చర్చి కమిటీలకు ఒక మనవి. పాత వైద్య యంత్రాలు కొని పంపకండి. కరెంటు నిలకడగా లేక, స్పేర్లు దొరక్క అవి మూల పడతాయి. మనుషులకు నేర్పించడానికి ఇవ్వండి. ఆపరేషన్లలో పొరపాట్లు జరగకుండా ప్రపంచ ఆరోగ్య సంస్థ 19 అంశాలతో ఒక చెక్‌లిస్టు తెచ్చింది. రోగి పేరు, కోయాల్సిన చోటు, రక్తం అద్దే గాజుగుడ్డల లెక్క, ఇలాంటివే అందులో ఉంటాయి. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో దాన్ని వాడి చూస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో తేలింది. ఖర్చు ఒక కాగితం.

ప్రభుత్వానికి ఇంకొకటి. విదేశాల్లో నేర్పడానికి వెళ్తామనే థియేటర్ నర్సులకు, మత్తు డాక్టర్లకు సీనియారిటీ పోకుండా మూడు నెలలు సెలవివ్వండి, జీతం లేకపోయినా సరే. నాకు ఇప్పుడు మోకాళ్ళ నొప్పులు. అంత దూరం వెళ్ళి నిలబడి పనిచేయలేను. కుట్లు వేసేముందు గాజుగుడ్డలు ఎలా లెక్కపెట్టాలో వీడియోలో నేర్పమంటే మాత్రం రోజూ రెండు గంటలు కూర్చుంటాను. ఏ సంస్థవాళ్ళయినా ఇలాంటి పని పెట్టుకుంటే మీ పత్రిక ద్వారా కబురు చేయండి.

ఇట్లు
ఒక విశ్రాంత నర్సు, నెల్లూరు