బాపట్ల సూరిగాడికి, చెన్నై వేలచ్చేరి నుంచి

ఒరేయ్ సూరీ,

నీ వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నా. వెనకాల మీ బుడ్డోడు ఏదో పర్రుమని చింపుతున్న చప్పుడు కూడా వినపడింది, అది పుస్తకమేనా? వాడికి బుక్ షెల్ఫ్ కొంటానంటున్నావ్ గదా, కొనేముందు ఇది చదువు. ఫోన్లో చెప్దామంటే మనం ఎత్తామంటే క్రికెట్‌తోనే సరిపోద్ది.

ముందు నా ఘనకార్యం చెప్తా. మా పెద్దదానికి ఏడాదిన్నరప్పుడు ఆరడుగుల తెల్ల షెల్ఫ్ కొని, పుస్తకాలన్నీ మన కాలేజీ లైబ్రరీలో లాగా నిలబెట్టి పేర్చా, నీక్కూడా ఫోటో పంపితే సూపర్ రా అన్నావ్. వారం తిరిగినా అది ఒక్కటి తీస్తే ఒట్టు. తర్వాత నేనే నేల మీద దానంత ఎత్తులో కూర్చుని చూస్తే అప్పుడు బుర్రకెక్కింది. పిల్లల బొమ్మల పుస్తకాలు పదహారు పేజీలో ఇరవైనాలుగు పేజీలో ఉండి మధ్యలో రెండు పిన్నులు కొట్టుంటాయి, ప్రథమ్ బుక్స్ వాళ్ళవి చాలావరకు అంతే, నిలబెడితే వీపు అనేదే ఉండదు, ఇంక పేరెక్కడ కనపడుద్ది? కనపడినా దానికి చదవడం రాదుగా! దాని కళ్ళకి అదొక కాగితాల కట్ట. పిల్లలకి అట్ట కనపడాలి రా, అట్ట మీద ఏనుగు కనపడాలి.

దీనికి మందు వంటింట్లో దొరికింది. మా ఆవిడ పక్కన పడేసిన పాత కంచాల స్టాండ్, తోమినవి ఆరబెట్టే స్టీలుది, ఒక కాలు కాస్త వంకర. ఒక్కో సందులో ఒక్కో పుస్తకం, అట్ట మనవైపు, కొంచెం వెనక్కి వాలి. పిల్ల వచ్చి కూర్చుని కంచాలు జరిపినట్టు ఒక్కోటీ ముందుకి వంచి చూసుకుంటా కావాల్సింది లాక్కుంటది. షెల్ఫ్‌కి వేలు తగలేశా, దీనికి పైసా ఖర్చు లేదు. కొత్తది కావాలన్నా ఏ స్టీలు సామాను కొట్లోనైనా దొరుకుద్ది.

ఐతే గొడవ ఎక్కడొచ్చిందంటే మా అమ్మ దగ్గర. "పుస్తకాలు నేల మీదేంట్రా, కాళ్ళు తగలవూ, సరస్వతి కదా" అని. నిజమే, మనం చిన్నప్పుడు పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకద్దుకునేదాకా ఊరుకునేవాళ్ళు కాదు. నేనేమో పిల్ల చేతికందాలి గదమ్మా అని వాదించా. అలా నడుస్తుండగా 2023 డిసెంబర్ వచ్చింది. మిచౌంగ్ తుఫాను నీకు చెప్పక్కర్లేదు, మమ్మల్ని ముంచి, 5వ తారీఖున మీ బాపట్ల దగ్గరే గదా తీరం దాటింది. మాది గ్రౌండ్ ఫ్లోర్, తెల్లారి లేచేసరికి హాల్లో మోకాటి లోతు నీళ్ళు. ఆ తెల్ల షెల్ఫ్ ఉందే, అది చెక్క కాదు, చెక్కపొడి అంట, కింది రెండు అరలు నానబెట్టిన రస్కులాగా ఉబ్బి విడిపోయాయి. కంచాల స్టాండ్ మాత్రం ఒక్క చేత్తో ఎత్తి మంచం మీద పెట్టేశా. ఆ మాట అమ్మతో అంటే, "ఎత్తులో పెట్టమని నేను చెప్పలా" అంది, ఏం చేస్తాం.

తడిసినవాటి సంగతి కూడా విను, మీకూ తుఫాన్లు కొత్త కాదుగా. మామూలు కాగితమైతే ఫ్యాన్ కింద విప్పి పెడితే ఆరుద్ది, ముడతలు పడితే పడుద్ది. నున్నగా మెరిసే పేజీలే శత్రువు. మూసి ఉంచి ఆరనిచ్చామో, అంటుకుపోయి పలకలాగా అయిపోద్ది, ఇంక బ్రహ్మదేవుడొచ్చినా విప్పలేడు. తడిగా ఉన్నప్పుడే మెల్లిగా విడదీసి మధ్యలో కాగితాలు పెట్టాలి, అవి తడిస్తే మార్చాలి. అంత ఓపిక లేకపోతే కవర్లో చుట్టి ఫ్రీజర్లో పెట్టేస్తే బూజు పట్టకుండా ఆగుద్ది, తర్వాత తీరిగ్గా ఆరబెట్టుకోవచ్చు. మాకు కరెంటే లేదనుకో!

ఇప్పుడు అమ్మకీ నాకూ రాజీ కుదిరింది. గోడకి జానెడు ఎడంగా రెండేసి ఇటుకలు, వాటి మీద పాత పెళ్ళి పీట, దాని మీద స్టాండ్. కాళ్ళు తగలవు, మాపు తడి తగలదు, చిన్నోడికి కూడా అందుద్ది. గోడకి ఆనించొద్దు రా, ఇక్కడ గోడలు చెమ్మగిల్లి వెండిపురుగులు పడతాయి, మీరూ సముద్రం పక్కనే గదా.

బయట పదిహేనే ఉంచు, అంతకంటే వద్దు. మిగతావి మంచం కింద ట్రంకు పెట్టెలో, ఆదివారం ఓ అయిదారు మారుస్తా. నెల తర్వాత బయటికొచ్చిన పాతదాన్ని కొత్తదనుకుని గంతులేస్తారు వెధవలు. పెట్టెలో కలరా ఉండలు మాత్రం వెయ్యకు, పిల్లలు పిప్పరమెంటనుకుని నోట్లో పెట్టుకుంటే ప్రమాదం. నేను గుడ్డలో వసకొమ్ము కట్టి పడేస్తా. తంజావూరు సరస్వతీ మహల్ లైబ్రరీలో తాళపత్రాలకి కూడా వస, లవంగాలు, మిరియాలు లాంటివి దంచి మూట కట్టి పెడతారు.

ఇంకోటి, మా ఇంట్లో మూడు భాషలు గదా, తెలుగువాటికి ఎర్ర బొట్టుబిళ్ళ, తమిళానికి పచ్చ, ఇంగ్లీషుకి నీలం అంటించింది మా ఆవిడ. మా పెద్దది రాత్రి పడుకునేముందు "ఎర్ర బొట్టుది చదువు నాన్నా" అంటది. చిన్నోడు మాత్రం బొట్లన్నీ పీకి ఫ్రిజ్‌కి అంటించాడు, ఇప్పుడు ఫ్రిజ్ ఏ భాషదో తెలీట్లా.

అన్నట్టు మీ నాన్నగారు బైండు చేయించిన చందమామలు ఇంకా మీ అటక మీదే ఉన్నాయా? అవి ఇక్కడ వడపళనిలో తయారై మీ ఊరొచ్చినవే గదరా. చెదలు పట్టిందేమో ఈ ఆదివారం ఒకసారి దింపి చూడు. బాగుంటే రెండు బైండ్లు సంక్రాంతికొచ్చినప్పుడు నేను పట్టుకెళ్తా, నీకు కంచాల స్టాండ్ నేను తెస్తా. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ
రఘు