కోయసాన్‌కి నాన్న సంచి మోసుకొచ్చిన తమ్ముడికి, ఆ తెల్లబట్టల దంపతులకి

నవంబరు మొదటి శని, ఆదివారాల్లో అమ్మానాన్నల్ని జపాన్‌లోని బౌద్ధ క్షేత్రం కోయసాన్ కొండకి తీసుకెళ్ళాను. ఎర్రబడ్డ మేపుల్ చెట్ల ఫోటోలు తర్వాత పెడతాను. ముందు కొంతమందికి థాంక్స్ చెప్పాలి. వాళ్ళలో ఒక్కరి ఫోన్ నంబరే నా దగ్గర ఉంది.

మేముండేది నగోయాలో. కొండకి దారి ఒసాకా నంబా స్టేషన్ నుంచి. హషిమోతోలో రైలు మారి, గొకురకుబషి దాకా వెళ్ళి, అక్కడ కేబుల్ కార్ ఎక్కాలి. హషిమోతోలో దిగే హడావుడిలో నాన్న చేతికర్ర దిగింది, అమ్మ స్వెట్టర్ దిగింది, పైన అరలో నేను పెట్టిన నీలం సంచి మాత్రం దిగలేదు. అందులో నాన్న ఇన్సులిన్ పెన్నులు రెండూ ఉన్నాయి. ఒకటి వేరే బ్యాగులో పెట్టమని అమ్మ ఇంటి దగ్గరే చెప్పింది. ఈ మాట ఇంకో పదేళ్ళు పడాలి నేను.

గొకురకుబషిలో గానీ చూసుకోలేదు. ఆ పేరుకి స్వర్గానికి వంతెన అని అర్థం చెప్పాను దారిలో. "సరిగ్గా వంతెన దగ్గరికొచ్చి మందులు పోగొట్టుకున్నామన్నమాట" అన్నాడు నాన్న. నాకు నవ్వు రాలేదు. నా జపనీస్ కూరగాయల కొట్టు వరకే పనికొస్తుంది, టెన్షన్‌లో అదీ పోయింది.

అప్పుడు వచ్చారు ఆ దంపతులు. అరవై దాటి ఉంటాయి. ఒంటి మీద తెల్లటి యాత్రికుల అంగీలు, చేతిలో కర్రలు. షికోకు దీవిలో 88 గుళ్ళ యాత్ర పూర్తి చేసినవాళ్ళు చివరికి కోయసాన్ వచ్చి, బౌద్ధ గురువు కూకాయ్ సమాధి దగ్గర కృతజ్ఞత చెప్పుకుంటారట. వీళ్ళు ఆ పని మీదే వచ్చారు. ఆవిడ నన్ను బల్ల మీద కూర్చోబెట్టి, స్టేషన్ ఉద్యోగితో తనే మాట్లాడింది. సంచిలో ఏమున్నాయో చెప్పమన్నారు. ఇన్సులిన్, గోంగూర పచ్చడి సీసా, పల్లీ ఉండలు. పల్లీ ఉండల్ని జపనీస్‌లో ఏమంటారో తెలియక చేత్తో గుండ్రంగా చూపించాను. ఆ ఉద్యోగి తల వంచి సీరియస్‌గా రాసుకుని, లైను పొడవునా ఫోన్లు చేశాడు. గంటకి కబురొచ్చింది: రైలు వెనక్కి నంబా చేరింది, సంచి దొరికింది, పల్లీ ఉండలతో సహా.

దొరికింది సరే, తెచ్చేదెలా? నేను వెళ్ళి వస్తే రాత్రవుతుంది, అమ్మానాన్నల్ని భాష రాని చోట ఎలా వదలను? నగోయాలో ఒక ఫ్రెండ్‌కి చెబితే, తను ఒసాకా తెలుగువాళ్ళ గ్రూపులో పెట్టింది. పది నిమిషాల్లో ఫోన్. "అక్కా, నేను నంబాకి దగ్గర్లోనే ఉంటా. మీరు స్టేషన్‌వాళ్ళకి నా పేరు చెప్పండి చాలు." మాస్టర్స్ చదువుతున్న కుర్రాడు. అప్పటిదాకా మొహం కూడా చూడలేదు.

మేం దిగింది గుడి వసతిలో. అక్కడ సన్యాసులే వండి వడ్డిస్తారు, భోజనం అయిదున్నరకి. ఉల్లి, వెల్లుల్లి ఉండవు, నువ్వుల టోఫు, ఎండబెట్టిన కోయా టోఫు, ఆకుకూరలు. ఇంజెక్షన్ లేకుండా నాన్న తినకూడదని ఫోన్లో అనువాదం పెట్టి చూపించాను. ఆ చిన్న సన్యాసి నాన్న పళ్ళెం తీసుకెళ్ళి పక్కన పెట్టాడు. ఆరూ ఇరవైకి తమ్ముడు వచ్చాక, మళ్ళీ సూప్ వేడి చేసి తెచ్చాడు. తమ్ముడు టీ తాగి, "రేపు పొద్దున్నే షిఫ్ట్ ఉందక్కా" అని కేబుల్ కార్‌కి పరిగెత్తాడు. రైలు చార్జీ ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున గుడిలో గోమా అనే అగ్నిపూజ. పుల్లలు పేర్చి, నెయ్యిలాంటిదేదో పోస్తూ మంత్రం చివర "సొవక" అంటుంటే అమ్మ నా మోచేయి పొడిచింది. "స్వాహా అంటున్నాడే!" అవును, గోమా అంటే మన హోమమే. ఇక నాన్న సంగతి చెప్పక్కర్లేదు. మా ఊరు నాగార్జునకొండ దగ్గరి మాచర్ల. ఇక్కడి షింగోన్ అనే బౌద్ధ శాఖ గురుపరంపరలో నాగార్జునుడు ఉన్నాడని తెలిసిన దగ్గర్నుంచి కొండంతా తమ బంధువులదే అన్నట్టు నడిచాడు.

ఒకునోయిన్ శ్మశానంలో దేవదారుల్లాంటి సుగి చెట్ల మధ్య రెండు కిలోమీటర్ల దారి. రెండు లక్షలకి పైగా సమాధులు, నాచు పట్టిన రాతి దీపాలు. చెదపురుగుల మందుల సంఘంవాళ్ళు చచ్చిన చెదల కోసం కట్టిన స్మారకం కూడా ఉంది, నమ్మండి. చివర కూకాయ్ సమాధి. ఈ కొండ మీద 816లో మఠానికి పునాది వేసిన ఆయన 835 నుంచీ ధ్యానంలోనే ఉన్నాడని వీళ్ళ నమ్మకం. అందుకే రోజూ రెండుసార్లు భోజనం తీసుకెళ్తారు. పదిన్నరకి తెల్లటి చెక్కపెట్టె మోసుకుంటూ సన్యాసులు వంతెన దాటుతుంటే అమ్మ చెప్పులు విడిచి నిలబడింది.

ఆ వంతెన దగ్గరే మళ్ళీ కనబడ్డారు మన దంపతులు, సమాధి దర్శనం చేసుకుని వస్తూ. అమ్మ గబగబా సంచి తీసి పల్లీ ఉండల డబ్బా ఆవిడ చేతిలో పెట్టింది. ఆవిడ రెండు చేతులతో అందుకుని, మెడలోని చిన్న సంచిలోంచి తెల్లకాగితం చీటీ తీసి ఇచ్చింది. యాత్రికులకి ఎవరైనా ఏదైనా పెడితే బదులుగా ఇచ్చే చీటీ అది, దాని మీద పేరు, ఊరు రాసి ఉంటాయి. పట్టుకుని చదివించుకున్నాను. ఉత్తరం రాస్తున్నాను, జపనీస్ టీచర్ దిద్ది ఇస్తానంది.

స్టేషన్ ఉద్యోగి గారికీ, గుడిలో సూప్ వేడి చేసిన చిన్న సన్యాసికీ ఈ తెలుగు పోస్టు చేరదు, తెలుసు. తమ్ముడూ, నీకు చేరుతుంది కదా. చార్జీ తీసుకోలేదు, సరే. గోంగూర సీసాలో సగం నీకని అమ్మ ఫ్రిజ్‌లో విడిగా పెట్టింది. వాళ్ళ ఫ్లైట్ 24న, ఆలోపు రా.