మా బ్యాడ్జీలు మాకు ఇప్పించండి: కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విజయనగరం జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారాలు. ఈ జిల్లాలోని ఒక ఆసుపత్రిలో పదకొండేళ్లుగా ఎక్స్‌రే టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. ఒంటికి తగిలే వికిరణాన్ని (రేడియేషన్) కొలవడానికి నా ఛాతీ మీద ఉండవలసిన టి.ఎల్.డి. బ్యాడ్జి ఏడాదిన్నరగా లేదు. యాజమాన్యానికి మూడుసార్లు రాతపూర్వకంగా విన్నవించుకున్నాను, జవాబు రాలేదు. అందుకే నలుగురి ముందు మీకు రాస్తున్నాను.

ఆ బ్యాడ్జి చిన్నదే. అందులో డిస్ప్రోసియం అనే మూలకం కలిపిన కాల్షియం సల్ఫేట్ బిళ్లలు ఉంటాయి. అవి తమపై పడిన వికిరణ శక్తిని దాచుకుంటాయి. మూడు నెలలకోసారి ప్రయోగశాలలో వేడి చేస్తే వెలుగునిస్తాయి. ఆ వెలుగును బట్టి మాకు తగిలిన వికిరణ మోతాదు లెక్కిస్తారు. ఎక్స్‌రే కంటికి కనబడదు, ఒంటికి తగిలినట్టూ తెలియదు. అణుశక్తి నియంత్రణ మండలి మాకు విధించిన పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు (వికిరణ మోతాదుకు కొలమానం). ఏ ఒక్క ఏడాదిలోనూ 30 మించకూడదు. కొలతే లేనప్పుడు మించలేదని ఎవరు చెప్పగలరు?

నాతో పనిచేసే అమ్మాయికి ఇప్పుడు ఐదో నెల. గర్భం సంగతి తెలియని తొలి వారాల్లో, కదిలిపోతున్న రోగులను పట్టుకోవడానికి ఎక్స్‌రే గదిలోనే నిలబడింది. "అక్కా, బిడ్డకు ఏమైనా అవుతుందా?" అని రోజూ అడుగుతుంది. ఏమీ కాదనే నా నమ్మకం. ఆ నమ్మకం తప్ప ఆమె చేతిలో పెట్టడానికి నా దగ్గర ఒక్క అంకె లేదు.

జిల్లాలోని ఎక్స్‌రే, సి.టి. స్కాన్ కేంద్రాలన్నింటినీ తనిఖీ చేయించి, 30 రోజుల్లోగా ప్రతి ఉద్యోగికీ బ్యాడ్జి, పాత మోతాదుల రికార్డుల నకలు ఇప్పించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ఎక్స్‌రే టెక్నీషియన్,
విజయనగరం జిల్లా